ట్రైకోకార్డు, ఎన్‌పీవీ, బవేరియా, బదనికలు: ఏళ్ల తరబడి వాడాక మేం వేసే మార్కులు

పంట పురుగులను వేరే జీవులతో చంపించే సరుకులివి: ట్రైకోకార్డు అంటే కందిరీగ పిల్లలున్న గుడ్ల అట్ట, ఎన్‌పీవీ పురుగులకు సోకే వైరస్, బీటీ బాక్టీరియా, బవేరియా, లెకానిసిలియం శిలీంద్రాలు, బదనికలు పురుగుల మీద పెరిగి వాటిని చంపే కందిరీగలు. మార్కులు ముందే వేసేస్తాం, కారణాలు తర్వాత చెబుతాం. వరిలో కాండం తొలుచు పురుగు మీద ట్రైకోకార్డుకు పదికి ఏడు, చెరకు పీక పురుగు మీద ఎనిమిది. శనగలో ఎన్‌పీవీకి ఎనిమిది, పత్తిలో అదే ద్రావణానికి నాలుగు. క్యాబేజీ మీద బీటీకి ఏడు. బవేరియా, లెకానిసిలియం పొడులకు ముసురు రోజుల్లో ఆరు, సంక్రాంతి దాటాక మిరప చేలో రెండు. కొబ్బరిలో బదనికలకు తొమ్మిది.

ఒకే సరుకుకు పంటను బట్టి, నెలను బట్టి ఇంత తేడా ఎందుకన్నదే అసలు సంగతి. రసాయన మందు డబ్బా ఏ నెలలో తెరిచినా ఇంచుమించు ఒకేలా పనిచేస్తుంది. ఇక్కడ కార్డు మీద ఉన్నది కందిరీగ పిల్ల, పొడిలో ఉన్నది శిలీంద్ర బీజం, సీసాలో ఉన్నది వైరస్. వాటికి ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, ఆలస్యం అసలే కూడదు. చేలోకి దిగే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి: కొన్న సరుకు ఇంకా బతికి ఉందా? చేలో పురుగు దీనికి చిక్కే దశలో ఉందా? "వేశామండీ, పనిచేయలేదు" అన్న ఫిర్యాదుల్లో మేం చూసినవి చాలా మట్టుకు ఈ రెంటిలో ఏదో ఒకచోట దెబ్బతిన్నవే.

ట్రైకోకార్డు

బియ్యంలో, నూకల్లో గూడు కట్టే కార్సైరా పురుగు గుడ్లను జిగురు రాసిన అట్టముక్క మీద చల్లుతారు. అతినీలలోహిత కిరణాల కింద పెట్టి ఆ గుడ్లలోని పిండాన్ని చంపేస్తారు. తర్వాత ట్రైకోగ్రామా ఆడ కందిరీగలను వదిలితే అవి ఆ గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. మూడు నాలుగు రోజులకు కార్సైరా గుడ్డు నల్లబడుతుంది. ఏడెనిమిది రోజులకు గుండ్రటి సన్న కన్నం చేసుకుని కందిరీగ బయటికొస్తుంది. దాని పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు, చేలో కంటికి ఆనదు. ఒక కార్డుకు ఒక సీసీ గుడ్లు అంటిస్తారు, అంటే సుమారు 18,000 నుంచి 20,000.

కొనేటప్పుడు మొదట అడగాల్సింది జాతి పేరు. వరి కాండం తొలుచు పురుగుకు ట్రైకోగ్రామా జపానికమ్. ఆకుముడత పురుగుకు, చెరకు పీక పురుగుకు, టమాటా కాయతొలుచు పురుగుకు ట్రైకోగ్రామా ఖిలోనిస్. దుకాణంలో "ట్రైకో ఉందా" అంటే ట్రైకోడెర్మా పొడి చేతిలో పెట్టినవాళ్లూ ఉన్నారు. అది వేరుకుళ్లు తెగుళ్లకు వాడే శిలీంద్రం, పురుగుతో దానికి సంబంధం లేదు.

రెండోది తేదీ. బదనికలకు గుడ్లు ఇచ్చిన తేదీ, కందిరీగ బయటికొచ్చే తేదీ రెండూ కార్డు మీద రాసి ఉండాలి. తేదీ లేని కార్డు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి జేబులో ఉంటే చాలు. మంచి కార్డులో నూటికి తొంభై గుడ్లు బొగ్గులా నల్లగా, నిండుగా ఉంటాయి. తెల్లగానో లేత పసుపుగానో మిగిలినవి బదనిక పట్టనివి. నల్లగా ఉన్నా నొక్కుకుపోయి, ముడతలు పడితే లోపల పిల్ల ఎండిపోయినట్టే. అప్పటికే గుండ్రటి కన్నాలు కనిపిస్తే కందిరీగలు దారిలోనే వెళ్లిపోయాయి, మీరు కొన్నది ఖాళీ గుడ్ల అట్ట. అనుమానం ఉంటే గోరంత ముక్క కత్తిరించి గాజు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, నీడలో ఉంచండి. చెప్పిన తేదీ దాటిన మర్నాటికి సీసా గోడల మీద నలుసుల్లా పాకుతూ కనిపించాలి.

కార్డును పది డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో కొద్ది రోజులు ఆపొచ్చు. అంతకు మించి ఆపితే బయటికొచ్చేవాటి సంఖ్య, వాటి చురుకుదనం రెండూ పడిపోతాయి. ఫ్రీజర్ గదిలో పెడితే కథ అక్కడితో సరి. బస్సు డిక్కీలో, బైకు పెట్టెలో మధ్యాహ్నపు ఎండకు తెచ్చిన కార్డు కూడా అంతే. తడిగుడ్డ చుట్టిన చిన్న ఐస్ పెట్టెలో, కార్డుకు నీరు తగలకుండా తేవాలి.

వరికి హెక్టారుకు లక్ష చొప్పున, అంటే ఎకరాకు 40,000. రెండు కార్డులు. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, రెండు కార్డులనూ నాలుగు ముక్కలు చేసి నాలుగు మూలలా కట్టి వచ్చేస్తారు. ఈ కందిరీగ తనంతట తాను వెతుక్కునే దూరం కొద్ది మీటర్లే. గాలి వీచినప్పుడు అది ఎటు కొట్టుకుపోతుందో దాని చేతిలో లేదు. పది మీటర్లకు ఒక ముక్క చొప్పున పెడితే ఎకరాకు నలభై ముక్కలు కావాలి. ఒక్కో ముక్కకు వెయ్యి గుడ్లు. కత్తెరతో కత్తిరించేటప్పుడు గుడ్లున్న వైపు వేలు ఆనించకూడదు, రాలిపోతాయి. గుడ్లున్న ముఖం లోపలికి ఉండేలా ఆకు అడుగు భాగాన స్టేప్లర్‌తో కుట్టాలి. ఎకరాకు ఇద్దరు మనుషులుంటే గంట పని. ఖర్చు తక్కువే, నడక ఎక్కువ.

సాయంత్రం కుట్టడం మేలు. కందిరీగలు ఎక్కువగా తెల్లవారాక బయటికొస్తాయి కాబట్టి బయటికొచ్చే తేదీకి ఒకరోజు ముందు సాయంత్రం సరైన సమయం. మూడు రోజుల ముందే కుడితే ఆ మూడు రోజులూ ఆ గుడ్లు చీమలకు, సాలీళ్లకు, మిడతలకు మేతే. నీళ్లు నిలిచిన మడిలో చీమల బెడద తక్కువ. గట్ల పక్కన, చెరకులో, మెట్ట పైర్లలో మాత్రం రాత్రికి రాత్రే ముక్క నున్నగా తేలుతుంది. అలాంటిచోట పుల్ల పాతి, దానికి కాగితపు టీ కప్పు బోర్లించి, కార్డు ముక్కను కప్పు లోపలి గోడకు కుట్టి, పుల్ల మొదట్లో గ్రీజు రాస్తే చీమ ఎక్కదు, వాన తగలదు. నాలుగు చుక్కల జల్లుకు ఏమీ కాదు కానీ కుట్టిన మర్నాడు కుండపోత పడితే ఆ విడత పోయినట్టే లెక్కేసుకుని మళ్లీ పెట్టాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న, పురుగు దశ. ట్రైకోగ్రామా పట్టేది గుడ్డునే. పురుగు కాండంలోకి దూరాక కార్డుల కట్ట మొత్తం కట్టినా లాభం లేదు. గుడ్డులోనూ తాజాగా పెట్టినదే కావాలి. లోపల పిల్ల తల నల్లబడిన గుడ్డును కందిరీగ ముట్టదు. కాబట్టి మొవ్వు ఎండిపోయిందనో, తెల్లకంకి వచ్చిందనో చూసి కార్డు కొనడానికి బయలుదేరితే ఆ డబ్బు దండగ. ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరగా మగవాటిని పట్టేవి) పెట్టి, మగ రెక్కల పురుగులు పడటం మొదలైన వారంలోనే మొదటి విడత పెట్టాలి. వారానికి ఇరవై అయిదు ముప్పై పడితే మందు వేయాలన్న లెక్క ఒకటి ఉంది. కార్డుకు అంతదాకా ఆగకూడదు. అక్కడి నుంచి వారానికోసారి మూడు నాలుగు విడతలు. ఒక్క విడతతో ఆపేస్తే అసలు వేయనట్టే, ఎందుకంటే చేలో ఎండకు ఈ కందిరీగ బతికేది రెండు మూడు రోజులు. తల్లి పురుగులు మాత్రం వారాల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటాయి. బుట్టలో ఎర పాతబడితే పురుగు లేదన్న భ్రమ కలుగుతుంది, అందుకే నెల నిండకముందే ఎర మార్చాలి.

మరి ఏడు మార్కులే ఎందుకు? కాండం తొలుచు పురుగు తన గుడ్లను గుంపుగా, పొరలు పొరలుగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. ట్రైకోగ్రామా పై పొరలోని గుడ్లను పట్టగలదు, అడుగువి తప్పించుకుంటాయి. ఆ అడుగు పని చేసేవి మనం కొనకుండానే చేలో ఉండే టెలినోమస్, టెట్రాస్టికస్ కందిరీగలు. టెలినోమస్ మరీ గడుసుది: తల్లి పురుగు తోక దగ్గరి నూగులో దాక్కుని ప్రయాణం చేసి, అది గుడ్డు పెడుతుండగానే, నూగు కప్పేలోపే పని ముగిస్తుంది. టెట్రాస్టికస్ పిల్ల ఒక్కటే పక్కపక్క గుడ్లను రెండు మూడు తినేస్తుంది. నాటిన మూడో వారంలో అలవాటుగా పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టిన మడిలో ఇవి ఉండవు, అక్కడ కార్డు ఒంటరిగా పోరాడాలి. కార్డు పెట్టడానికి వారం ముందు, పెట్టిన తర్వాత పది రోజులు ఆర్గానోఫాస్ఫేట్లు, పైరెత్రాయిడ్లు మడిలోకి రాకూడదు. తప్పనిసరైతే క్లోరాంట్రానిలిప్రోల్ లాంటివి బదనికలకు కాస్త సురక్షితం. నాటేటప్పుడు నారు కొనలు తుంచేస్తే ఆకు చివర పెట్టిన గుడ్ల గుంపులు అక్కడే పోతాయి. ఆ పనికి పైసా ఖర్చు లేదు, అయినా కూలీల తొందరలో ఎక్కువగా వదిలేసేది అదే.

పని జరిగిందో లేదో తెల్లకంకులు లెక్కపెట్టి తేల్చుకోవడానికి రెండు నెలలు ఆగక్కర్లేదు. కుట్టిన మూడు నాలుగు రోజులకు చేలో తిరిగి ఓ ఇరవై గుడ్ల గుంపులు ఆకుముక్కతో సహా తుంచి, ఒక్కోదాన్ని విడి సీసాలో వేసి దూది బిగించండి. వారంలో ఎన్నింట్లో నల్ల నలుసులు వచ్చాయి, ఎన్నింట్లో పురుగు పిల్లలు వచ్చాయి అన్నది కళ్ల ముందే ఉంటుంది. సగానికి పైగా గుంపుల్లో బదనికలుంటే గుళికల ఆలోచన మానుకోవచ్చు.

ఆకుముడత పురుగు గుడ్లు విడివిడిగా, నూగు లేకుండా ఉంటాయి, ఖిలోనిస్ వాటిని సులువుగా పడుతుంది. చెరకు పీక పురుగు గుడ్లు గుంపుగా ఉన్నా వాటి మీద నూగు ఉండదు, అందుకే అక్కడ ఎనిమిది. ఎకరాకు 20,000 చొప్పున, నాటిన నెలకు మొదలుపెట్టి వారం పది రోజులకోసారి నాలుగైదు విడతలు. చెత్త కప్పి, సకాలంలో మట్టి ఎగదోసిన తోటలో ఫలితం ఇంకా బాగుంటుంది.

కార్డు దొరకడమే అసలు ఇబ్బంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో మూల సంతతులు ఇస్తుంది. విజయవాడ, హైదరాబాద్‌లలోని కేంద్ర సమగ్ర సస్యరక్షణ కేంద్రాలు, కొన్ని పరిశోధన స్థానాలు తయారు చేస్తాయి. ఎక్కడైనా వారం పది రోజులు ముందుగా చెప్పి చేయించుకోవాలి. నిల్వ ఉంచి అమ్మే సరుకు కాదిది.

ఎన్‌పీవీ

శనగపచ్చ పురుగుకు ఒక వైరస్, పొగాకు లద్దె పురుగుకు మరో వైరస్. ఒకటి కొట్టి రెండోదాన్ని చంపలేరు. వేరుశనగలో లద్దె పురుగు పడితే శనగపచ్చ పురుగు ద్రావణం కొట్టి తిట్టుకున్నవాళ్లు బోలెడుమంది. సీసా మీద ఏ పురుగుకో, ఎన్ని ఎల్.ఇ.లో, లేదా మిల్లీలీటరుకు ఎన్ని వైరస్ కణాలో రాసి ఉండాలి. ఒక ఎల్.ఇ. అంటే వైరస్ సోకి చచ్చిన ఒక పెద్ద పురుగు నుంచి వచ్చే కణాలు, సుమారు 600 కోట్లు. శనగకు ఎకరాకు 100 ఎల్.ఇ., కందికి, పత్తికి 200.

ఇది కడుపులోకి పోవాల్సిన విషం. వైరస్ మాంసకృత్తు పూతలో భద్రంగా ఉంటుంది. పురుగు పేగులోని క్షారం ఆ పూతను కరిగించాకే వైరస్ బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం వైఫల్యాలు అర్థమవుతాయి. ట్యాంకులో బోర్డో మిశ్రమం గానీ, చాకలి సోడా గానీ, బాగా క్షారగుణం ఉన్న బోరు నీళ్లు గానీ కలిస్తే పూత పురుగు కడుపుకు చేరకముందే కరిగిపోతుంది. పత్తి ఆకు మీద చేరే మంచులో క్షారగుణం ఎక్కువ, అక్కడా అదే జరుగుతుంది. పత్తికి నాలుగు మార్కులు అందుకే.

రెండో శత్రువు ఎండ. ఒకటి రెండు రోజుల ఎండకు ఆకు మీది వైరస్‌లో చాలా భాగం పాడవుతుంది. సాయంత్రం నాలుగున్నర దాటాక మొదలుపెట్టి చీకటిపడేలోపు ముగించాలి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో ద్రావణం, కిలో బెల్లం, బట్టలకు వేసే నీలిమందు 200 గ్రాములు, అంటుకోవడానికి 200 మిల్లీలీటర్ల సబ్బునీళ్లు కలుపుతాం. బెల్లం పురుగును తినేలా చేస్తుంది, నీలిమందు ఎండ నుంచి కాపాడుతుంది. బెల్లం ముందు రోజే నానబెట్టి గుడ్డలో వడకట్టకపోతే నాజిల్ ప్రతి ట్యాంకుకూ మూసుకుపోతుంది.

పురుగు చిన్నదిగా ఉండాలి, సెంటీమీటరు లోపు. శనగలో లేత ఆకులు గీకినట్టు తెల్లగా కనిపించడం మొదలైనప్పుడే సమయం. చిన్న పురుగు మూడు నాలుగు రోజుల్లో చస్తుంది. బొటనవేలి కణుపంత పెరిగినది వారం దాకా తింటూనే ఉంటుంది, కొన్ని చావవు కూడా. కొట్టిన మర్నాడు చేలోకి వెళ్లి పురుగు తిరుగుతోందని కంగారుపడి రసాయన మందు కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. అయిదో రోజు పొద్దున్నే వెళ్లండి. రోగం పట్టిన పురుగు మొక్క కొసకు ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. చర్మం చిట్లి గోధుమరంగు ద్రవం కారుతుంది. ఆ ద్రవమే కింది ఆకుల మీద పడి మిగతావాటికి అంటుకుంటుంది. ఎనిమిది పది రోజులకు రెండోసారి కొట్టాలి. కొత్తగా పొదిగిన పిల్లలకు, కొత్తగా వచ్చిన చిగుళ్లకు మొదటి విడత అందదు.

సొంతంగా తయారు చేసుకోవచ్చు. వేలాడుతున్న పురుగులను చర్మం చిట్లకముందే చిమటాతో తీసి శుభ్రమైన నీళ్ల సీసాలో వేసి, నూరి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, చల్లటి చీకటి చోట ఉంచితే ఆ పంటకాలానికి పనికొస్తుంది. పెద్ద పురుగు ఒకటి ఒక ఎల్.ఇ. కింద లెక్క, చిన్నవాటిలో కణాలు చాలా తక్కువ, సంఖ్య చూసి మోసపోవద్దు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పల్లెల్లో నేర్పిన పద్ధతి ఇంచుమించు ఇదే. పురుగులను పెంచి చేయాలంటే మాత్రం శనగపచ్చ పురుగు చుక్కలు చూపిస్తుంది: ఒకదాన్నొకటి తినేస్తాయి, ఒక్కోదానికి ఒక్కో గది కావాలి. లద్దె పురుగును తొట్టెలో గుంపుగా పెంచొచ్చు.

వాసన భరించలేనిది. ఆ ఒక్కదానికే వదిలేసినవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

బీటీ గురించి రెండు మాటలు

బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకీ, ఎకరాకు 400 గ్రాములు, సాయంత్రం. తిన్న కొద్ది గంటల్లో పురుగు మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు. చచ్చినవి నల్లబడి ముడుచుకుంటాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగుకు చక్కగా పనిచేస్తుంది కానీ వరసగా అదే కొడుతుంటే ఆ పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. హవాయిలో పొలాల్లోనే అలా జరిగిందని 1990లోనే నమోదైంది. మధ్యలో వేప గింజల కషాయమో మరొకటో పెట్టి మార్చాలి. హిందూపురం, మడకశిర, పలమనేరు వైపు మల్బరీ తోట పక్కన ఉంటే బీటీ జోలికి వెళ్లొద్దు: పట్టుపురుగుకూ అదే చావు. బవేరియాకూ ఈ మాట వర్తిస్తుంది. 1835లో ఇటలీలో అగొస్టినో బస్సీ ఈ శిలీంద్రాన్ని పట్టుకున్నదే పట్టుపురుగుల రోగానికి కారణంగా.

శిలీంద్రాల పొడులు

బవేరియా బాసియానా, మెటారైజియం, లెకానిసిలియం (పాత సంచుల మీద వెర్టిసీలియం అనే ఉంటుంది). లీటరుకు 5 గ్రాములు, ఎకరాకు కిలో. గ్రాముకు కనీసం 10 కోట్ల బీజాలుండాలి. వీటికి పురుగు తినక్కర్లేదు. బీజం చర్మానికి అంటుకుని, మొలిచి, లోపలికి దూరుతుంది. మొలవడానికి తేమ కావాలి, రాత్రంతా గాలిలో తడి ఉండాలి, వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. అంతే, మార్కులన్నీ ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

సార్వాలో వరి దుబ్బుల మధ్య ఎప్పుడూ తడే. సుడిదోమ మొదట్లో ఉన్నప్పుడు నాజిల్‌ను దుబ్బు మొదళ్లకు తగిలేలా పెట్టి బవేరియా కొడితే పనికొస్తుంది. ఆకుల పైన కొడితే ఎవరికీ తగలదు. సుడిదోమ గుడ్లు తాగే మిరిడ్ నల్లులు, సాలీళ్లు దీనితో పెద్దగా దెబ్బతినవు, అది లాభం. దుబ్బుకు ఇరవై ముప్పై దోమలు చేరాక మాత్రం బవేరియాతో కాలయాపన చేయొద్దు, వారం రోజుల్లో చేను సుడులు సుడులుగా పడిపోతుంది.

మిరపలో తామర పురుగు సంగతి వేరు. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం తోటలను ఊడ్చేశాక అందరూ ఈ పొడుల మీద పడ్డారు. జనవరి, ఫిబ్రవరిలో పగలు గాలి పొడి, పురుగు పూల లోపల. దానికి తోడు కాయకుళ్లుకు, బూడిద తెగులుకు వారానికో శిలీంద్రనాశిని కొడుతూనే ఉంటారు. మాంకోజెబ్, కార్బెండజిమ్, హెక్సాకొనజోల్ కొట్టిన ఆకు మీద బవేరియా మొలవదు. ముందు వెనక వారం పది రోజులు ఎడం కావాలి, మిరపలో అంత ఎడం దొరకదు. నిన్న మాంకోజెబ్ కొట్టిన పంపును కడగకుండా ఇవాళ బవేరియా పోసినా అంతే. నవంబరు మంచులో, పూత మొదట్లో ఒకటి రెండుసార్లు కొట్టడం మేలే; ఆ తర్వాత నీలిరంగు జిగురు అట్టలను, ఇతర పద్ధతులను నమ్ముకోండి.

పొడి బతికి ఉందో లేదో ఇంట్లో తేల్చుకోవచ్చు. పది చిన్న లద్దె పురుగులను లీటరుకు 5 గ్రాముల నీటిలో ముంచి, తడిదూది, తాజా ఆకులు వేసిన డబ్బాలో ఉంచండి. మరో పదింటిని ఉత్త నీళ్లలో ముంచి వేరే డబ్బాలో పెట్టండి. రోజూ ఆకులు మార్చాలి. వారం పది రోజుల్లో మొదటి డబ్బాలోవి చచ్చి గట్టిపడి, తడి కాగితం మీద ఉంచితే రెండు మూడు రోజుల్లో తెల్లటి బూజు కప్పాలి. మెటారైజియం అయితే తెలుపు తర్వాత పచ్చగా మారుతుంది. మెత్తబడి కుళ్లి కంపు కొడితే అది వేరే చావు. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో ఉన్న సంచి ఈ పరీక్షలో నెగ్గడం అరుదు. గడువు తేదీ ఇంకా నాలుగు నెలలున్నా సరే.

కొట్టే ముందు పొడిని కొద్ది నీళ్లలో గంటన్నర నానబెట్టి, తేరిన నీటిని గుడ్డలో వడకట్టి ట్యాంకులో పోయాలి. అడుగున మిగిలేది సుద్ద. దాన్నీ పోస్తే అదనంగా వచ్చే బీజాలేమీ ఉండవు, నాజిల్ మూసుకుపోతుంది. కుంకుడు రసం కాస్త కలిపితే ఆకు మీద జారకుండా నిలుస్తుంది.

శిలీంద్రాలకు మేం నిజంగా మెచ్చిన చోటు చేను కాదు, పెంట కుప్ప. కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది అక్కడే. కుప్పను పొరలుగా విప్పి మెటారైజియం కలిపి, తడి ఆరకుండా చూస్తే బీజానికి కావాల్సినవన్నీ ఉన్నాయి: చీకటి, చెమ్మ, కదలకుండా దొరికే లావాటి పురుగు. మట్టిలో ముదురుపచ్చ రంగులో గట్టిపడిన పిల్లలు కనిపిస్తాయి.

కొబ్బరి

నల్లతల గొంగళి పురుగు ఈనెల పక్కన ఆకు అడుగున గూడు కట్టి గీకి తింటుంది, చెట్టు నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ పిచికారీ చేయడం కష్టం, చెట్టు ఎత్తు మన మాట వినదు. గోనియోజస్ నెఫాంటిడిస్, బ్రాకాన్ కందిరీగలు పెరిగిన గొంగళినే పడతాయి. ఎలాస్మస్ కోశస్థ దశకు (ప్యూపాకు) ముందుదాన్ని, బ్రాకిమేరియా కోశాన్ని పడుతుంది. అందుకే వదిలేముందు నాలుగైదు మట్టలు దింపి, గూళ్లు విప్పి, ఏ దశ ఎక్కువగా ఉందో చూడాలి. అంతా గుడ్లు, చిన్న పిల్లలే ఉంటే పది రోజులు ఆగడమే మంచిది. బాగా పాడైన కింది రెండు మూడు మట్టలు కొట్టి కాల్చేసి, గోనియోజస్‌ను చెట్టుకు ఇరవై చొప్పున, పదిహేను రోజులకోసారి వదలాలి. సీసాలోనే రెండు మూడు రోజులు తేనె చుక్కలు మేపినవి, పురుగు గూడు ముక్కలు వాసన చూపినవి ఎక్కువ చురుగ్గా వెతుకుతాయి. మాను మీద ఛాతీ ఎత్తులో సీసా మూత తీసి పట్టుకుంటే చాలు, పైకి అవే వెళ్తాయి. గోనియోజస్ తల్లి తాను పక్షవాతం తెప్పించిన గొంగళి దగ్గరే పిల్లలకు కాపలా కూర్చుంటుంది. అలాంటి గూడు ఒకటి కనిపిస్తే తోటలో అది నిలదొక్కుకున్నట్టే.

సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచి దగ్గర మొదట కనిపించింది, ఆ వెంటనే గోదావరి జిల్లాలకూ వచ్చింది. మట్టల కింద తెల్లటి మైనం, కింద ఉన్న అరటి మీద, కోకో మీద మసి. ఈ దోమను పట్టే ఎన్‌కార్సియా గ్వాడెలూపే కందిరీగ దాని వెంటే వచ్చేసింది, ఎవరూ డబ్బుపెట్టి తెప్పించలేదు. బదనిక పట్టిన దోమ కోశం నల్లబడుతుంది. ఖాళీ కోశాలను భూతద్దంలో చూడండి: గుండ్రటి కన్నం ఉంటే బయటికొచ్చింది కందిరీగ, ఇంగ్లిష్ T అక్షరం ఆకారంలో చీలిక ఉంటే దోమ. గుండ్రటి కన్నాలు ఎక్కువున్న మట్టల ముక్కలు కోసి, దోమ కొత్తగా వచ్చిన తోటలో కట్టడమే మనం చేయాల్సిన పని. ఈ తోటల్లో మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వాడితే ముందు పోయేది కందిరీగ, తిరిగొచ్చేది దోమ. మరీ తీవ్రంగా ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం అందించిన ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంద్రం లీటరుకు 5 గ్రాములు, మట్టల అడుగు తడిసేలా కొట్టాలి. మసికి గంజి నీళ్లు పలుచగా కొడితే ఎండాక పొరలుగా రాలిపోతుంది.

ఇలా ఒకసారి స్థిరపడి మళ్లీ కొనే పని లేకుండా చేసిన ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. 2008లో కోయంబత్తూరులో బయటపడింది, 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చిన ఎసిరోఫాగస్ పపాయే కందిరీగ దాన్ని అణిచేసింది. కొబ్బరికి పదికి పది ఇవ్వకపోవడానికి కారణం బోండార్ తెల్లదోమ. అదే మట్ట మీద, సర్పిలాకార దోమ పక్కనే చిన్న పక్షిగూళ్లలా మైనం అల్లుకుని ఉంటుంది. ఎన్‌కార్సియా దాన్ని అదుపు చేయలేదు. రెండూ కలిసి ఉన్న తోటలో కందిరీగ తన వాటా పని పూర్తి చేసినా మట్టలు తెల్లగానే కనిపిస్తాయి. అక్కడ దోమలను తినే అపెర్టోక్రైసా ఆస్టర్ అల్లికరెక్కల పురుగు గుడ్లు కట్టడం, ఐసేరియా కొట్టడం కొనసాగించాలి. కట్టేటప్పుడు మొవ్వు దగ్గర కాకుండా దోమ ఎక్కువున్న మధ్య మట్టల అడుగున కట్టండి. పొదిగిన పిల్లలు ఎక్కువ దూరం పాకలేవు.